మాగిన పశువుల ఎరువే వేశాను, అయినా టమాటా చిగుళ్లు మెలితిరుగుతున్నాయి. ఎందుకు?

పాదులపిచ్చి
తెలిసినవాళ్ల పశువుల పాక నుంచి ఎరువు తెచ్చి పెరట్లో రెండు మళ్లకు వేశాను. పచ్చిపేడ కాదు. నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంది. మూడో మడికి చాలక అలాగే వదిలేశాను. ఇప్పుడు ఎరువు వేసిన రెండు మళ్లలోనూ టమాటా ఆకులు దొప్పల్లా ముడుచుకుంటున్నాయి, కొత్త చిగుళ్లు సన్నగా మెలితిరిగి వస్తున్నాయి. పక్కన పాకించిన చిక్కుడుదీ అదే వరస. ఎరువు వేయని మడిలో మొక్కలు చిన్నగా ఉన్నా శుభ్రంగా ఉన్నాయి. "మాగిన ఎరువు వేయండి, నేల దానంతటదే బాగుపడుతుంది" అని ఇక్కడే వందసార్లు చదివాను. మరి ఇదేంటి?

గడ్డపార
ఆకుముడత వైరస్. తెల్లదోమ తెచ్చిపెడుతుంది. మొక్కలు పీకి దూరంగా పారేయండి. ఎరువుని ఊరికే ఆడిపోసుకోకండి.

బాల్కనీరైతు
నాదీ గడ్డపార మాటే. టమాటా వేశామంటే ముడత రాకుండా ఉంటుందా?

దిబ్బరాజు
ఏ మడిలో ఎరువు వేశారో, ఏ మడిలో వేయలేదో తెల్లదోమకి ఎవరు చెప్పారంటారు? గట్టు దాటి మూడో మడికి వెళ్లడానికి దానికి బద్ధకమా?

గడ్డపార
@దిబ్బరాజు వెటకారం సరే. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, రసం పట్టి వస్తుంది. రసం పీల్చే పురుగు ముందు అక్కడికే చేరుతుంది. ఎరువున్న మడిలో ముందు బయటపడటం అసంభవమేమీ కాదు.

దిబ్బరాజు
అది ఒప్పుకోవాల్సిన మాటే. కానీ టమాటా, చిక్కుడు రెండూ ఒకేసారి, ఒకే తీరునా?

కోడికూత
ఎరువు సరిగ్గా మాగలేదని నా అనుమానం. నల్లగా ఉంటే మాగినట్టు కాదు. ఎండకి పైపొర ఆరి నల్లబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మిగిలిన కుప్పలో మోచేతి లోతు తవ్వి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా పని నడుస్తున్నట్టే. ఓ గుప్పెడు తడిపి, పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూటకట్టి నీడలో నాలుగైదు రోజులు ఉంచండి. విప్పగానే మట్టివాసన వస్తే సరే. ముక్కు మూసుకోవాల్సి వస్తే అది ఇంకా దిబ్బ మీద ఉండాల్సిన సరుకు.

పాదులపిచ్చి
చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. కవర్ కట్టి పెట్టాను. గడ్డిపోచలు అక్కడక్కడా ఉన్నాయి కానీ పేడ ఆకారం ఎక్కడా లేదు. ఇంకో సంగతి, ఆకులు పసుపెక్కలేదు, అంచులు మాడలేదు. రంగు బాగానే ఉంది, ఆకారమే పాడైంది. ఆకుల వెనక కూడా వెతికాను. తెల్లదోమ ఒకటీ అరా తప్ప లేదు.

రిటైర్డ్_మాస్టారు
అయితే పచ్చి ఎరువు దెబ్బ కాదు. పచ్చి ఎరువు మొక్కను పాడుచేసే దారులు వేరు. ఒకటి అమ్మోనియా. పేడలో, మూత్రంలో ఉన్న నత్రజని అమ్మోనియాగా మారేటప్పుడు లేత వేళ్లు మాడతాయి. పైన ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరుగుతాయి. రెండు, లవణాలు. ఎరువులో ఉప్పు ఎక్కువుంటే నేల తడిగా ఉన్నా మొక్క నీళ్లు లాగలేక మధ్యాహ్నానికి వడలిపోతుంది. మూడోది అందరూ మరిచిపోయేది. ఎరువులో పేడకంటే గడ్డి, రంపపుపొట్టు ఎక్కువుంటే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని తామే వాడేసుకుంటాయి, మొక్క పాలిపోతుంది.

మీరు చెప్పిన లక్షణాల్లో ఈ మూడూ లేవు. ఆకు రంగు నిలిచి ఆకారం ఒక్కటే చెడిందంటే, పెరుగుదలను నడిపే హార్మోన్ల దగ్గరే ఏదో తేడా జరిగి ఉండాలి.

సూక్ష్మజీవి
మాస్టారు సరిగ్గా అక్కడికే తెచ్చారు. పాదులపిచ్చి గారూ, ఆ పశువులు ఏం మేశాయి?

పాదులపిచ్చి
గడ్డే కదండీ మేస్తాయి!

సూక్ష్మజీవి
ఆ గడ్డి మీద ఏం చల్లారో కనుక్కోండి. పచ్చికబీళ్లలో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే మందుల్లో అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అని ఒక కుటుంబం ఉంది. ఇవి మొక్కల్లో ఆక్సిన్ అనే హార్మోన్‌లా నటిస్తాయి. గడ్డిజాతికి ఏమీ కాదు కాబట్టి బీడు పచ్చగానే కనిపిస్తుంది. పశువు ఆ గడ్డి మేస్తే మందు దాని కడుపులో పెద్దగా విరగదు, పేడలో, మూత్రంలో బయటికొచ్చేస్తుంది. టమాటా, బంగాళాదుంప, చిక్కుడు, బఠాణీ లాంటివాటికి ఇది అతి కొద్ది మోతాదులోనే తగులుతుంది. దొప్ప ఆకులు, మెలితిరిగిన చిగురు, సన్నగా చీలినట్టు వచ్చే కొత్త ఆకు దీని గుర్తులు.

బాల్కనీరైతు
ఇది మరీ అపరాధ పరిశోధన నవలలా ఉంది. మందు చల్లిన గడ్డి ఆవు తిని, నెమరేసి, పేడ వేసి, అది నెలల తరబడి మాగాక కూడా మందు మిగులుతుందా?

సూక్ష్మజీవి
మిగులుతుంది, ఎక్కడ మిగులుతుందన్నదే విచిత్రం. ఈ మందు గడ్డి పీచులో కలిసిపోయి ఉంటుంది. దాన్ని విరగ్గొట్టేవి ప్రధానంగా నేలలోని సూక్ష్మజీవులు. పీచు కుళ్లేదాకా మందు వాటికి చిక్కదు. కుప్పలో ఉన్నంతకాలం అది మెల్లగానే తగ్గుతుంది, ఎండుగడ్డి బేళ్లలో అయితే ఏళ్లు నిలుస్తుంది. అందుకే ఎరువు నిక్షేపంగా మాగి, వాసన లేకుండా, నల్లగా ఉండి కూడా టమాటాని వంకరలు తిప్పగలదు.

ఇది కొత్త కథా కాదు. 2008లో బ్రిటన్‌లో పెరటి తోటల వాళ్లు ఇలాగే పశువుల ఎరువు వేసి మొక్కలు పాడై గగ్గోలు పెట్టారు. అమినోపైరాలిడ్ వాడకాన్ని అక్కడ కొంతకాలం ఆపేశారు. అంతకుముందు 2000 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కంపోస్టులో క్లోపైరాలిడ్ మిగిలి ఇదే గొడవ.

వానపాము
ఇది నేను చూసిన్నన్నా. మా దోస్తు తోటల గుర్రపు లద్దె వేసిండ్రు. టమాటా, బఠాణీ మొత్తం వంకర్లు పోయినయి. అదే సాళ్లల్ల వేసిన మొక్కజొన్న మాత్రం నిండుగ లేచింది. అప్పుడే డౌటొచ్చింది. వైరసే అయితే బఠాణీకి, టమాటకు ఒక్కసారే ఒక్కతీరు ఎందుకొస్తది?

గడ్డపార
సరే, అనుమానానికి చోటుంది. కానీ ఫొటో కూడా చూడకుండా అందరం కలిసి గడ్డిమందుకి ఉరిశిక్ష వేసేస్తున్నాం. తేల్చుకునే దారి ఉందా, లేక ల్యాబుకి పంపాల్సిందేనా?

సూక్ష్మజీవి
ల్యాబు పరీక్ష ఖరీదు, పైగా ఇంత కొద్ది మోతాదు అన్నిచోట్లా పట్టలేరు. చిక్కుడు విత్తనం చౌకగా పట్టేస్తుంది. ఇలా చేయండి.

మంచిదని తెలిసిన మట్టి రెండు పాళ్లు, ఎరువు ఒక పాలు కలిపి మూడు నాలుగు కుండీల్లో నింపండి. కుప్పలో ఒకేచోట తీయకుండా నాలుగు వైపుల నుంచీ తీసుకోండి, ఒక మూల ఉండి ఇంకో మూల లేకపోవచ్చు. ఎరువు లేకుండా ఆ మట్టి ఒక్కటే వేసి ఇంకో మూడు కుండీలు పెట్టండి. అన్నిటిలో చిక్కుడు గానీ బఠాణీ గానీ విత్తండి. ఒక్కో కుండీ కింద విడిగా పళ్లెం ఉండాలి. ఎరువు కుండీ నుంచి కారిన నీళ్లు పక్క కుండీకి తగిలితే పరీక్ష పాడైనట్టే. మూడు జతల అసలు ఆకులు వచ్చేదాకా చూడండి, ఇంచుమించు మూడు వారాలు. మొదటి ఆకులు బాగుండి తర్వాతవి వంకరపోతే అదే జవాబు.

ఆకుపచ్చ_అత్తయ్య
ఈ పరీక్ష కొత్త ఎరువు ఎక్కడి నుంచి తెచ్చినా చేయొచ్చు కదా? సమస్య వచ్చాక చేయడం దేనికి, ముందే చేసుకుంటే పోయె.

సూక్ష్మజీవి
అక్షరాలా అంతే అత్తయ్యా. మొలకలు అసలే రాకపోతే ఎరువు పచ్చి అనో, ఉప్పు ఎక్కువనో కూడా తెలిసిపోతుంది.

పాదులపిచ్చి
కవర్ విప్పాను. మట్టివాసనే. కోడికూత గారి అనుమానం తీరింది. చిక్కుళ్లు విత్తాను, చూద్దాం. ఈలోగా కోడిపెంట దొరికేలా ఉంది. దానికి ఈ గడ్డి గొడవ ఉండదు కదా, అది వేసేయనా?

కోడికూత
ఆగండాగండి! కోడిపెంట పేడ లాంటిది కాదు. మాగిన పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం దాకా, భాస్వరం 0.2, పొటాష్ 0.5. ఎండిన కోడిపెంటలో నత్రజని 3 శాతం, భాస్వరం 2.6, పొటాష్ 1.4 దాకా ఉంటాయి. కోడికి మూత్రం విడిగా రాదు, రెట్టలో తెల్లగా కనిపించేదే అది, యూరిక్ ఆమ్లం. తడి తగలగానే అమ్మోనియా అయిపోతుంది. పశువుల ఎరువు వేసినట్టు తట్టలకొద్దీ వేస్తే మడి మాడుతుంది. ఎండుటాకులూ గడ్డీ కలిపి మాగబెట్టి, చదరపు మీటరుకి పావుకిలో మించకుండా వేయండి.

బాల్కనీరైతు
గుడ్ల కోళ్ల పెంట వేస్తే కుండీల్లో మట్టి పైన తెల్లగా పొర కడుతోంది. అదేమిటి?

కోడికూత
లవణాలు. కుండీలో అడుగు నుంచి నీళ్లు పూర్తిగా కారనివ్వకపోతే పైకొచ్చి పేరుకుంటాయి. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ కాబట్టి వాటి పెంట మట్టి పీహెచ్‌ని, అంటే క్షారగుణాన్ని కూడా పెంచుతుంది. కుండీల్లో పశువుల ఎరువో వర్మికంపోస్టో వాడుకోండి, కోడిపెంట జోలికెళ్లకండి.

వానపాము
మేక పెంటికలు మస్తుంటయి. పేడకన్న బలం ఎక్కువ, వాసన తక్కువ. కాకపోతే గట్టిగుంటయి, అట్లనే ఏస్తె ఏడాదైనా గోలీల లెక్కనే పడుంటయి. తడిపి నలగ్గొట్టి దిబ్బల కలపాలె.

దిబ్బరాజు
లద్దె సంగతి కూడా చెప్పుకోవాలి. గుర్రం నెమరు వేయదు. కలుపు గింజలు దాని కడుపులోంచి చెక్కుచెదరకుండా వచ్చేస్తాయి. బాగా వేడెక్కిన దిబ్బలో మాగిస్తే తప్ప లద్దె వేయడమంటే కలుపు నాటడమే.

తీగమల్లి
మా కుక్కా జంతువే కదా, రోజూ బోలెడు "ఎరువు" ఇస్తోంది. దాన్ని వాడుకోవచ్చా 😄

సూక్ష్మజీవి
నవ్వుతూ అడిగినా గట్టిగానే చెబుతున్నాను, వద్దు. కుక్క, పిల్లి మలంలో టాక్సోకారా అనే నులిపురుగు గుడ్లు ఉంటాయి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కూడా. గర్భిణులకు మరీ ప్రమాదం. ఇంటి దిబ్బ ఆ గుడ్లు చచ్చేంత వేడి అన్ని మూలలా అందుకోదు. తినే మొక్కల దగ్గరికి రానివ్వకండి.

తీగమల్లి
సరే, వాడి కష్టం వృథానే.

ఆకుపచ్చ_అత్తయ్య
అందరూ మాగబెట్టు, మాగబెట్టు అంటారు. ఎలాగో ఒక్కరూ వివరంగా చెప్పరు. మా దిబ్బ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

దిబ్బరాజు
నా పేరే దిబ్బరాజు, నేను చెప్పకపోతే ఎలా.

ముందు సైజు. పొడవు, వెడల్పు, ఎత్తు మీటరుకి తగ్గితే పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. చిన్న కుప్పలు వేడెక్కకపోవడానికి సగం కారణం ఇదే. తర్వాత పాళ్లు. కర్బనం నత్రజనికి 25, 30 రెట్లు ఉంటే సూక్ష్మజీవులు హుషారుగా పనిచేస్తాయి. వట్టి పేడలో 20 రెట్లు, కోడిపెంటలో 10 రెట్ల దాకానే ఉంటుంది, అందుకే ఎండుగడ్డి, ఎండుటాకులు కలపాలి. కోడిపెంటకి ఇంకా ఎక్కువ కలపాలి. తర్వాత తడి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే గాలి ఆడక కుళ్లు కంపు, పొడిగా ఉంటే పని ఆగిపోతుంది.

ఇవి కుదిరితే రెండు మూడు రోజుల్లోనే లోపల 55 నుంచి 65 డిగ్రీలకి ఎక్కుతుంది. ఇనుప చువ్వ గుచ్చి కాసేపాగి లాగి పట్టుకోండి, పట్టుకోలేకపోతే దిబ్బ బ్రహ్మాండంగా ఉన్నట్టు. వేడి తగ్గగానే తిరగేయండి, బయటిది లోపలికి, లోపలిది బయటికి. తిరగేసినా వేడెక్కడం మానేశాక ఇంకో రెండు నెలలు ఊరికే వదిలేయండి. కుప్ప సగానికి పడిపోతుంది, కంగారు పడొద్దు.

రిటైర్డ్_మాస్టారు
దిబ్బరాజు చెప్పినదానికి రెండు జోడింపులు. దిబ్బ మీద కప్పు ఉండాలి. వానకి దిబ్బ అడుగు నుంచి కారే గోధుమరంగు నీళ్లలో పోయేది పొటాషూ నత్రజనీ. రెండేళ్లు వానలో నానిన ఎరువు చూడటానికి మంచి నలుపు, లోపల సత్తువ ఉండదు. అలాగే పచ్చిపేడలో బూడిదా సున్నమూ కలపకండి. క్షారం తగిలితే అమ్మోనియా గాల్లోకి లేచిపోతుంది. దిబ్బ దగ్గర ముక్కు మండుతోందంటే పోతున్నది మీ నత్రజనే.

గడ్డపార
బూడిద కలపొద్దన్నది నేను ఒప్పుకోను. ఏళ్లుగా కలుపుతున్నాను, పంట బాగానే వస్తోంది.

రిటైర్డ్_మాస్టారు
బూడిద చెడ్డదని నేననలేదు. పొటాష్‌కి మంచిదే. పచ్చిపేడతో కలపకుండా, మాగాక గానీ నేరుగా మడికి గానీ వేయమంటున్నాను. పీహెచ్ ఇప్పటికే ఎక్కువున్న నేలకి అదీ వద్దు.

ఆకుపచ్చ_అత్తయ్య
మా దిబ్బలో తెల్లటి లావుపాటి పురుగులు, ముడుచుకుని పడుకుంటాయి. ఎరువుతో పాటు మడిలోకి వెళ్తే వేళ్లు కొరుకుతాయా?

వానపాము
చదునైన బండ మీద పెట్టి చూడుండ్రి. వెల్లకిల తిరిగి వీపు మీద పాకితె అది పూల మీద వాలే పెంకుపురుగు జాతి, దిబ్బల చెత్త తిని బతికేది. దాన్ని మళ్ల దిబ్బల్నే ఏయండి, పని చేసిపెడ్తది. కాళ్ల మీద పాకేటియి వేరుపురుగో కొమ్ముపురుగో అయి ఉంటయి, ఏరి కోళ్లకెయ్యండి.

తీగమల్లి
వీపు మీద పాకే పురుగు! ఇప్పుడే వెళ్లి దిబ్బ తవ్వుతాను.

బాల్కనీరైతు
ఇంత తతంగం దేనికి? పచ్చిపేడ నీళ్లలో కలిపి ఆకుకూరల మీద పోస్తే రెండు రోజుల్లో నిగనిగలాడతాయి.

సూక్ష్మజీవి
నిగనిగలాడతాయి, ఈ.కోలి అనే బ్యాక్టీరియా కూడా వాటితో పాటే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పశువు పేడలోనూ మనిషికి ప్రమాదమైన ఈ.కోలి రకాలు, సాల్మొనెల్లా ఉండొచ్చు, పేడలో నెలల తరబడి బతకొచ్చు. పచ్చిగా తినే ఆకుల మీద పేడనీళ్లు చల్లడం కంటే అన్యాయం లేదు. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం పచ్చి ఎరువు వేస్తే, నేలకి తగిలే పంటని 120 రోజులు, తగలని పంటని 90 రోజులు దాటాకే కోయాలి. దిబ్బ పద్ధతిలో అయితే 55 డిగ్రీలకి తగ్గకుండా 15 రోజులు, ఆలోపు అయిదుసార్లు తిరగేయాలి. పెరటికి నిబంధనలు లేకపోయినా సూక్ష్మజీవికి ఆ తేడా తెలియదు.

బాల్కనీరైతు
వండుకునే కూరలకైతే?

సూక్ష్మజీవి
ఉడికిస్తే చస్తాయి. కోసిన చేతులు, కత్తి, పీట సంగతేంటి? ఎరువు ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగులు, ధనుర్వాతం టీకా కూడా గుర్తుంచుకోండి. పశువుల పేడలో, మట్టిలో ఆ బీజాలు ఉంటాయి.

గడ్డపార
నాకో సూటి ప్రశ్న. చదరపు మీటరుకి ఎంత వేయాలి? ఒకరు గంపలంటారు, ఒకరు అంగుళాలంటారు.

రిటైర్డ్_మాస్టారు
హెక్టారుకి 10 టన్నులంటే చదరపు మీటరుకి సరిగ్గా కిలో. పెరటి మడికి ఏటా 2 కిలోలు మాగిన పశువుల ఎరువు మామూలు మోతాదు. లెక్క చూడండి. 2 కిలోల్లో 0.5 శాతం అంటే 10 గ్రాముల నత్రజని. మొదటి పంటకి అందులో పావువంతు అందితే గొప్ప, రెండున్నర గ్రాములు. అంటే పంట కడుపు నింపడానికి ఇది చాలదు. నేల కోసం వేస్తున్నాం. మట్టి గుల్లబారడానికి, నీళ్లు పట్టి ఉంచడానికి. మిగిలిన నత్రజని తర్వాతి ఏళ్లలో కొంచెం కొంచెంగా వస్తుంది. ఎంతకాలమంటే, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హూస్‌ఫీల్డ్ అనే బార్లీ పొలం ఉంది. అందులో ఒక భాగానికి 1852 నుంచి 1871 దాకా ఏటా పశువుల ఎరువు హెక్టారుకి 35 టన్నులు వేసి ఆపేశారు. నూరేళ్లు దాటాక కూడా అసలు వేయని మడి కంటే ఆ నేలలో కర్బనం ఎక్కువే ఉంది.

దిబ్బరాజు
ముత్తాత వేసిన ఎరువుతో మునిమనవడి బార్లీ!

గడ్డపార
అయితే ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదన్నమాట. నేను ఏటా జానెడు మందం పరుస్తున్నాను, ఇక ఆ చేతిని ఎవరూ ఆపలేరు.

రిటైర్డ్_మాస్టారు
ఆ చేతినే ఆపాలి. మొక్క నత్రజని తీసుకున్నంతగా భాస్వరం తీసుకోదు. నత్రజని సరిపోయేంత ఎరువు ఏటా వేస్తూ పోతే భాస్వరం నేలలో పేరుకుంటుంది, కోడిపెంటతో మరీ త్వరగా. భాస్వరం మితిమీరితే జింకు, ఇనుము అందడం తగ్గుతుంది, వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు వెనక్కి తగ్గుతాయి, వానకి కొట్టుకుపోయిన మట్టి చెరువుల్లో నాచు పెంచుతుంది. జానెడు మందం నాలుగైదేళ్లు వేసిన మడిలో చిగుళ్లు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే ఇంకో గంప ఎరువు వేయకండి, మట్టి పరీక్ష చేయించండి.

గడ్డపార
...చిగుళ్లు పాలిపోతున్నాయి మాస్టారూ. ఈ ఏడాదే. సరే, మట్టి పంపిస్తాను.

కోడికూత
గడ్డపార వాదన ఆపేశాడు, తేదీ రాసి పెట్టుకోండి.

ఆకుపచ్చ_అత్తయ్య
తవ్వి కలపాలా, పైన పరచాలా?

దిబ్బరాజు
మాగినదైతే మాస్టారు చెప్పిన మోతాదులో పైన పరిచి, దాని మీద ఎండుటాకులు కప్పండి. వానపాములే కిందకి లాక్కెళ్తాయి. సగం మాగినదైతే వెంటనే కలిపేయాలి, లేకపోతే నత్రజని గాలిపాలు. అయినా సగం మాగినది అసలు దేనికి తెస్తారో నాకర్థం కాదు.

పాదులపిచ్చి
ఫలితం వచ్చేసింది. ఎరువు కలిపిన నాలుగు కుండీల్లో మూడింటిలో చిక్కుడు మొదటి ఆకులు బాగానే విచ్చాయి, తర్వాతవన్నీ దొప్పలై మెలిపడ్డాయి. నాలుగోది కాస్త నయం. వట్టి మట్టి కుండీల్లో ఒక్క ఆకు కూడా వంకరపోలేదు. పాకవాళ్లని అడిగాను. సొంత బీటికి ఏమీ చల్లరట, కానీ పోయిన ఏడాది మేత చాలక బయట నుంచి ఎండుగడ్డి బేళ్లు కొన్నారట. ఇప్పుడా మళ్లు ఏం చేయాలి?

గడ్డపార
వైరస్ కాదు. ఒప్పుకున్నాను. ఇవాళ నాకు మంచి రోజు కాదు.

సూక్ష్మజీవి
నాలుగో కుండీ నయంగా ఉండటం సహజం, కుప్పలో మందున్న గడ్డి ఒక పక్కే పడి ఉంటుంది.

పైన ఇంకా ఎరువు పొరలా కనిపిస్తుంటే గీసి తీసేయండి. మిగిలినది మట్టిలో బాగా కలిసేలా తవ్వండి. మందును విరగ్గొట్టేవి నేల సూక్ష్మజీవులని ముందే అనుకున్నాం, వాటికి గాలి, తడి, వెచ్చదనం కావాలి. నెలకోసారి తిరగేస్తూ తడి ఆరనివ్వకండి. ఈలోగా మడి ఖాళీగా పెట్టక్కర్లేదు, మొక్కజొన్న వేయండి, గడ్డిజాతి కాబట్టి దానికి పట్టదు. టమాటా, చిక్కుడు, బంగాళాదుంప మాత్రం ఆ మడికి వద్దు. మళ్లీ వేసేముందు ఆ మట్టితోనే కుండీ పరీక్ష చేసుకోండి. అది చెప్పేదాకా నెలలు లెక్కపెట్టుకుని ప్రయోజనం లేదు.

తీగమల్లి
బొగ్గుపొడి కలిపితే మందు పట్టుకుంటుందట కదా?

సూక్ష్మజీవి
యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టుకుంటుంది, పొయ్యి బొగ్గు అంతగా కాదు. చిన్న మడికైతే సరే, పెరడంతటికీ గిట్టుబాటు కాదు.

ఆకుపచ్చ_అత్తయ్య
ఆ మొక్కజొన్న కోశాక దంట్లు దిబ్బలో వేయొచ్చా?

సూక్ష్మజీవి
వద్దు. నేల నుంచి కొంత మందు మొక్క లాక్కుంటుంది, అది దంట్లలో ఉంటుంది. దిబ్బలో వేస్తే మళ్లీ మొదటికొస్తాం. ఆ మడిలోనే ముక్కలు చేసి కలిపేయండి.

దిబ్బరాజు
పాకలో మిగిలిన కుప్ప ఏం చేస్తున్నారు? ఇంకెవరైనా టమాటాకి పట్టుకెళ్లేలోపు చెప్పండి వాళ్లకి.

పాదులపిచ్చి
చెప్పాను. మిగిలినదంతా మేత వేసే బీటికే చల్లుకుంటామన్నారు. వాళ్లకీ ఈ సంగతి తెలియదు పాపం. ఈసారి బేళ్లు కొనేటప్పుడు అడిగి కొంటామన్నారు.

వానపాము
అడుగుడు తీరుగ అడగమను. "మందు కొట్టిన్రా" అంటె లేదనే అంటరు. "ఈ బీట్ల వెడల్పాకు కలుపు ఒక్కటి గూడ లేదు, ఎట్ల పోయింది" అని అడగాలె, అప్పుడు డబ్బా పేరు వాళ్లే చెప్తరు.